పిల్లలు లేని విడిది



వేసవి సెలవులలో మన యూరి బడికి తాళము పడియుండుట మీరెరిగినదే. ఆ తాళమును మనసునం దుంచుకొని, ఈ సాయంకాలము నాతో కూడ దూరదేశపు అడవి కొకసారి రండు.

అది ఉక్రెయిన్ దేశము. చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రమునకు సమీపమున, పైను చెట్ల నడుమ, ఇజుమ్రూద్నీ యను విడిది యుండెను. మరకతము వంటి దని ఆ పేరున కర్థము. పనివారి కుటుంబములును పిల్లలును వేసవి గడుపుటకై చిన్న చిన్న కొయ్య యిండ్లు కట్టి, వాని గోడలపై కథలలోని జంతువులను రంగులతో చిత్రించిరి. 1986 ఏప్రిల్ 26వ తేదీన కేంద్రమున ప్రమాదము సంభవించెను. పిల్లలకు బదులు, ఆ విషధూళిని తొలగింప వచ్చిన కూలీలు అచ్చట బసచేసిరి. తరువాత వారును వెడలిపోయిరి. పిమ్మట చూడబోయిన వారికి రంగు వెలిసిన బొమ్మలును, తలుపులు లేని గదులును మాత్రమే కనబడెను. 2020 ఏప్రిల్ నెల కార్చిచ్చులో అవియును దగ్ధమయ్యెను.

ఈ విడిదిని ప్రమాదము పాడుచేసినది. కాని ఏ ప్రమాదమును లేకయే పాడైన విడుదులు ఆ దేశములలో పెక్కులు కలవు. వాని కథయే మనకు ముఖ్యము.

సోవియట్ రాజ్యమున 1922లో పయొనీర్లను బాలసంఘ మేర్పడెను. 1925లో క్రిమియా సముద్రతీరమున ఆర్తెక్ అను విడిదిని క్షయ సోకిన పిల్లలకొరకు గుడారములతో ప్రారంభించిరి. క్రమముగా కర్మాగారములును కార్మిక సంఘములును తమ తమ విడుదులను కట్టుకొనెను. ఖర్చులో పెద్దభాగము సంఘము భరించెడిది. తల్లిదండ్రు లిచ్చునది స్వల్పము. ఉదయము బాకా, వ్యాయామము, ఈత, వేళకు భోజనము, రాత్రి నెగడు చుట్టు పాటలు. పిల్లలను వచ్చినప్పుడును పోవునప్పుడును త్రాసులో తూచి, బరువు పెరిగిన విడిదియే మంచి దని యెంచెడివారు. ఆటతో పాటు పార్టీ పాఠమును చెప్పిరి. ఆ మాట దాచ నక్కరలేదు.

1952 ఎన్నికలలో తరిమెల నాగిరెడ్డిగారిని శాసనసభకు పంపిన అనంతపురమునకు ఆ దేశపు ముచ్చట క్రొత్తది కాదు. మాస్కోలో తెలుగున అచ్చుపడి వచ్చిన పిల్లల పుస్తకములలో, మెడకు ఎఱ్ఱని గుడ్డ కట్టిన బాలుర బొమ్మలను మీలో కొందరు చూచియే యుందురు.

1991లో ఆ రాజ్యము విచ్ఛిన్నమయ్యెను. కర్మాగారములు చేతులు మారినవి, కొన్ని మూతపడినవి. విడిదికి సొమ్ము పంపువారు లేరైరి. చుట్టుపట్ల గ్రామస్థులకు దానిపై హక్కును లేదు, బాధ్యతయు లేదు. కావున ఆర్తెక్ వంటివి కొన్ని నిలిచినను, పెక్కు విడుదులు అడవిపాలయ్యెను.

ఇక మన చెరువులను తలచుకొనుడు. బుక్కపట్నము చెరువు విజయనగర రాజుల కాలమునాటిది. ఆ రాజ్యము పోయినది, చెరువు నిలిచినది. ఏల? కట్టను కాపాడు కుడిమరామత్తు ఆయకట్టు రైతుల వంతు. రాజు మారినను, ఏటేట గంపయు పారయు పట్టు చేతులు మారలేదు. ఆ యలవాటు సడలిన చోటులనే పూడిక చేరినది.

మన జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు తప్పిన యేట తల్లిదండ్రులు బెంగుళూరికి కూలికి పోవుదురు. పిల్లలు అవ్వల యొద్ద మిగులుదురు. సెలవులలో బడి భోజనమును ఆగిన, ఆ పిల్లల పూటగడుపు ఏమి కావలయును? కరవు ప్రాంతములలో వేసవి సెలవులందును మధ్యాహ్న భోజనము పెట్టవలె నని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించినది. ఆదేశము కాగితముపై నున్నంత మాత్రమున పొయ్యి రాజదు. అడుగువారు కావలెను, తలుపు తీయువారు కావలెను.

కావున పెద్దలారా, మీ యూరి బడిని సర్కారు కట్టడ మని విడువకుడు. వేసవిలో దాని వసారాను పిల్లలకు తెరపింపుడు. ఒక కుండ నీరు, ఒక పూట భోజనము, కథ చెప్పు ముసలి యొకరు ఉన్న చాలును, సముద్రతీర మక్కరలేదు. అట్టి విడిదికి మీరే కుడిమరామత్తు చేయవలెను.

బడి తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదో రేపు ఉదయము విచారింపుడు. సెలవు.