తోక కొమ్ము సంగతి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ఇంజనీరింగ్ భవిష్యత్తు మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట ఎందుకుగానీ, పొద్దున ఎగ్జిబిషన్ గదిలో తొమ్మిదో తరగతి పిల్లల రేడియో కంట్రోల్ విమానం చూశాను. చక్కగా చేశారు. సాయంత్రం మన గ్రౌండ్‌లో ఎగరేస్తామన్నారు. వద్దన్నాను. ఎందుకో అందరి ముందూ చెప్పడం న్యాయం.

తోకలో పైకీ కిందికీ ఆడే పలక ఎలివేటర్. దాని మీద కొమ్ములా నిలబడే ప్లాస్టిక్ ముక్కే హార్న్. సర్వో మోటారు ఒక కమ్మీతో దీన్ని తోస్తుంది, లాగుతుంది. వేలితో కదిపితే ఆ హార్న్ మొదట్లో ఊగుతోంది.

లెక్క చూడండి. సర్వో 3 కేజీ-సెంటీమీటర్లది, దాని చెయ్యి 1 సెంటీమీటరు. అంటే కమ్మీ మీద గరిష్ఠంగా 3 కేజీల బలం. కమ్మీ తగిలేది కర్రకు 2 సెంటీమీటర్ల ఎత్తున. మరల మధ్య దూరం 1 సెంటీమీటరు. కనుక ఒకవైపు మరను 6 కేజీల బలం పైకి పీకుతుంది, రెండోవైపు అంతే బలం కర్రను అణుస్తుంది. బాల్సా గోటితో నొక్కితే సొట్టపడే కర్ర. వృక్షశాస్త్రం దాన్ని గట్టికర్రల కోవలో వేస్తుంది, అది వేరే చోద్యం. మర బిగించేకొద్దీ అది నలుగుతుందే తప్ప పట్టు పెరగదు.

పట్టు వదులైతే వేగంలో ఎలివేటర్ తనంతట తానే టపటపా కొట్టుకోవచ్చు. దాన్నే ఫ్లట్టర్ అంటాం. క్షణాల్లో హింజులు ఊడిపోవచ్చు. ఆ తర్వాత 2 కేజీల విమానం ఎక్కడ పడాలో రిమోట్ పట్టుకున్నవాడి చేతిలో ఉండదు. గ్రౌండ్ చుట్టూ కూర్చునేది మనమూ, మన మనవలూ.

మందు చౌకే. హార్న్ ఊడదీసి, ఆ చోట పూత ఒలిచి, రంధ్రాల్లో నీళ్లలాంటి పలచని సయనోఅక్రిలేట్ జిగురు చుక్కలు వేయండి. కర్ర పీల్చుకుని గట్టిపడుతుంది. కిటికీలు తెరిచి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఒలికితే నూలుగుడ్డతో తుడవకండి, వేడెక్కి పొగలొస్తుంది. థర్మోకోల్ విమానానికి ఈ జిగురు తగలనివ్వకండి, కరిగించేస్తుంది. మీ విమానంలో రంధ్రాలు ఇప్పటికే సాగాయి కాబట్టి జిగురొక్కటీ చాలదు. నలిగినంత మేర తవ్వి, గట్టికర్ర ముక్కను ఎపాక్సీతో దించాలి. అవతలి వైపు 1.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్ల పెట్టి, మరలు ఆ పక్కకు దూసుకొచ్చేలా బిగించాలి. బిళ్ల హార్న్ అడుగంత ఉంటే చాలు. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో అంతకన్నా ఎక్కువే కలపాల్సొస్తుంది.

ఎపాక్సీ రాత్రంతా ఆరాలి. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. రేపు ఉదయం 7 గంటలకు, గాలి లేవకముందే, జనం లేనప్పుడు ఎగరేద్దాం. డ్రిల్లు నేను తెస్తాను.