పాచి పట్టనీయకుడు, మందును మొద్దుబారనీయకుడు

(నకిరేకల్‌లో గ్రామస్థుల సభయందు చేసిన ప్రసంగము)



ఈ సభకు వచ్చుచుండగా దారిలో ఒక పెద్దరైతు మమ్ము ఆపి యడిగినాడు: "అయ్యా, కాలిపుండుకు మూడుమాట్ల గోలీలు తెచ్చి మింగిన. మింగినన్ని దినాలు తగ్గుతది, ఆపంగనే మళ్ల చీము పడుతది. గోలీలే మంచివి కావా, నా ఒళ్లే మంచిది కాదా?" అతని ప్రశ్నకు సమాధానమే నేటి మా ప్రసంగము.

పాచి మనకు క్రొత్త మాట కాదు. ప్రొద్దున లేవగనే పండ్లకు పట్టియుండునది పాచి. నాలుగు దినములు తోమని బిందె లోపల చేతికి తగులు జిగటయు అట్టిదే. 1683లో హాలండు దేశీయుడు లీవెన్‌హుక్ తన పండ్ల పాచిని గీకి సూక్ష్మదర్శినిలో చూడగా, అందు కదలాడు జీవులు కనిపించినవి. దీనినే శాస్త్రజ్ఞులు నేడు బయోఫిల్మ్ అనుచున్నారు.

ఒంటరిగా తిరుగు క్రిమిని మందు సులభముగా చంపును. కాని క్రిములు ఒకచోట అంటుకొని, తమ చుట్టును జిగురు స్రవించి, కోట కట్టుకొనును. ఆ కోటలోనికి మందు చాలినంత చేరదు. లోపలి క్రిములు ఎదుగుదల మాని నిద్రాణములై యుండును. ఎదుగుచున్న క్రిములనే దెబ్బతీయు మందులు వానిని ఏమియు చేయజాలవు. ఒక్కొక్కప్పుడు మామూలు మోతాదునకు వేయిరెట్లయినను అవి ఓర్చుకొనును. మందు ఆపగనే మిగిలిన క్రిములు మరల విజృంభించును. అంతేకాదు, కిక్కిరిసి బ్రతుకు ఆ క్రిములు మందునెదిరించు శక్తిని ఒకదానికొకటి అందించుకొనును.

ఇందలి నష్టము స్వల్పము కాదు. 2019లో మందులకు లొంగని బాక్టీరియా మూలముననే ప్రపంచమున సుమారు 12.7 లక్షలమంది మరణించిరని అంచనా. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నిర్వహించిన పరిశోధనల ఫలితముగా 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబమునకు అదియే పెద్దబిడ్డ. అట్టి మందులను మన చేతులారా మొద్దుబార్చుకొనుట తగునా?

కోటను కట్టనీయకుండుటకు శాస్త్రజ్ఞులు క్రొత్త మార్గములు వెదకుచున్నారు. క్రిములు అంటుకొనని పూతలను మూత్రపు గొట్టములకు పూయుట, జిగురును కరగించు ఎన్‌జైములను వాడుట, క్రిములు ఒకదానికొకటి పంపుకొను సంకేతములను చెరచుట, క్రిములనే భక్షించు ఫేజ్‌లను ప్రయోగించుట వానిలో ముఖ్యమైనవి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటికి సోకు క్రిములు పాచికట్టు తీరును పరిశోధించినారు. ఈ మార్గములలో పెక్కు ఇంకను పరీక్షా దశలోనే యున్నవి. అంతవరకు మన చేతులే మనకు దిక్కు.

బిందెను, నీళ్లతొట్టిని ముందు పీచుతో రుద్ది తోమవలెను. పిదపనే బ్లీచింగు నీరు. జిగట మీద పోసిన బ్లీచింగు పైపైననే పనిచేయును. ఇంట రోగికి మూత్రపు గొట్టము ఉన్నచో సంచిని నడుముకంటె క్రిందనే ఉంచవలెను. ఆ గొట్టము ఇంకను అవసరమా అని వైద్యుని అడుగవలెను. ఎర్రగీత గల మందును చీటీ లేక కొనరాదు. వైద్యుడు చెప్పిన మోతాదును, చెప్పినన్ని దినములును వాడవలెను. మిగిలిన బిళ్ళను పొరుగువారికి ఈయరాదు. జలుబుకు ఈ మందులు పనిచేయవు. కోళ్లు పెంచువారు నీటిగొట్టములను, గిన్నెలను శుభ్రపరుపవలెను. రోగము రాకముందే మేతలో మందు కలుపుట మానవలెను. మనుష్యులకు చివరి దిక్కైన కొలిస్టిన్ అను మందును కోళ్లకును పశువులకును వాడరాదని 2019లో కేంద్ర ప్రభుత్వము నిషేధించినది.

ఇక ఆ పెద్దరైతుకు మేము చెప్పినది ఇది: "తాతా, తప్పు గోలీలదనియు, నీ ఒంటిదనియు అనుకోకుము. పుండులో పాచి కోటగట్టి యుండవచ్చును. నకిరేకల్ ప్రభుత్వ ఆసుపత్రికి పొమ్ము. అక్కడ పుండును కడిగి, చచ్చిన కండను తొలగింతురు; చక్కెరవ్యాధి ఉన్నదేమో పరీక్షింతురు. అటుపై వారిచ్చు మందు పనిచేయును." ముందు కడుగుట, పిదప మందు. ఈ వరుస తప్పినందుననే అతని మూడుమార్ల ఖర్చు వ్యర్థమైనది. మీ ఇండ్లలో ఈ వరుస తప్పనీయకుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.