దిగుబడి ఒక్కటే చాలదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తంగళ్ళపల్లి అంటే ఇప్పుడు వరి, పత్తి. మా చిన్నప్పుడు చెల్కల్లో జొన్న ఉండేది. మనుషులకు గట్క, పశువులకు సొప్ప రెండూ దాని నుంచే వచ్చేవి. నేను జీవితమంతా పనిచేసింది ఆ జొన్న మీదనే కాబట్టి దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

జొన్న పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అది తనకు తానే గింజ కడుతుంది. కంకికి వేల పూలు. ఒక్కొక్క పువ్వులో మగ భాగాన్ని చేత్తో తీసి, సంకర విత్తనం తయారుచేసి రైతులందరికీ ఇవ్వడం అయ్యే పని కాదు. 1954లో అమెరికాలోని టెక్సాస్‌లో స్టీఫెన్స్, హాలండ్ అనే శాస్త్రవేత్తలు పుప్పొడి పనిచేయని జొన్నను సాధించే మార్గం చూపారు. దాని పక్కన వేరే వరుసను పెడితే గాలే సంకరం చేస్తుంది. ఈ పద్ధతితోనే 1964లో మన దేశపు మొదటి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. ఆ కృషిలో ముందున్నవారు మన తెలుగువారు నీలంరాజు గంగాప్రసాదరావు గారు.

హైబ్రిడ్లు పొట్టివి, తొందరగా కోతకొస్తాయి, దిగుబడి ఎక్కువ. అయినా చాలా ఊళ్ళలో జొన్న ఎందుకు తగ్గింది? సాగునీళ్ళు వచ్చాయి, చౌక బియ్యం వచ్చింది. అవి కొన్ని కారణాలు. ఇంకో కారణం విత్తనంలోనే ఉంది. మన పాత పునాస జొన్నలు చాలావరకు పొద్దు తగ్గడాన్ని గుర్తుపట్టి పూతకొచ్చేవి. వానలు వెనుకబడ్డాకనే గింజ గట్టిపడేది. తొందరగా పండే హైబ్రిడ్ కంకి వానలో చిక్కి, బూజు పట్టి నల్లబడింది. నల్ల గింజకు ధర లేదు. మొక్క పొట్టిదైతే సొప్ప కూడా తగ్గింది. క్వింటాళ్ళు పెరిగినంత మాత్రాన రైతు ఇల్లు గడవదని పరిశోధకులకు అప్పుడు అర్థమైంది. బూజును తట్టుకునే గింజ, పశువు ఇష్టంగా మేసే సొప్ప, రొట్టెకు పనికొచ్చే పిండి కూడా లెక్కలోకి వచ్చాయి.

2009లో జొన్న జన్యుక్రమం వెలువడింది. 10 జతల క్రోమోజోములు, సుమారు 73 కోట్ల అక్షరాలు. చివరి తడి ఆరినా ఆకు పచ్చగా నిలిచే గుణం ఎక్కడుందో గుర్తించారు. ఆ గుణం ఇథియోపియా జొన్నల నుంచి వచ్చింది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాన్ని ఇతర రకాల్లోకి ఎక్కించారు. అక్కడి జన్యు బ్యాంకులో దాదాపు 40 వేల జొన్న నమూనాలున్నాయి. వాటిలో చాలావరకు ఒకప్పుడు ఎవరో ఒక రైతు గాదెలో ఉన్నవే.

ప్రయోగశాల గుణాన్ని వెతికి పట్టగలదు, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మార్చగలదు. పోయిన విత్తనాన్ని మాత్రం తిరిగి తేలేదు.

అందుకే పిల్లలకు ఒక పని అప్పగిస్తున్నాను. వేసవి సెలవుల్లో మీ అమ్మమ్మలను, తాతలను అడగండి: ఏ జొన్న వేసేవారు, ఎప్పుడు కోసేవారు, ఏది రొట్టెకు, ఏది గట్కకు? రాసుకోండి. ఎక్కడైనా పాత పచ్చజొన్న గుప్పెడు దొరికితే మీ సార్లకు చూపించండి. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల కేంద్రం ఉంది, అక్కడ భద్రపరచవచ్చు. 2001 చట్టం ప్రకారం రైతు తన రకాన్ని తన పేరునే నమోదు చేసుకోవచ్చు.