ఇంజనులో ముక్క పడితే

(వ్యాను నడుపుకుంటున్న ఒక మహిళా సంఘం సమావేశంలో, మోటారు పని నేర్పే టీచరమ్మ చెప్పిన మాటలు)



మీ సంఘం వ్యాను చూశాను. మారుతి ఓమ్ని. ఈ రకం వ్యానులు 1984 నుంచి 2019 దాకా తయారయ్యాయి. ఇప్పుడు కొత్తవి రావడం లేదు. ఉన్నవాటినే జాగ్రత్తగా వాడుకోవాలి. మీరు అప్పు తీసుకుని పాత బండి కొన్నారు. దాంట్లో కూరగాయలు రైతు బజారుకు తీసుకెళ్తున్నారు. బండి తిరిగితేనే కిస్తీ కట్టగలరు. అందుకే ఇవాళ ఒక్క సంగతే మాట్లాడుకుందాం. షెడ్డులో పని జరుగుతుండగా ఇంజను లోపల విరిగిన ముక్క పడిందనుకోండి. అప్పుడు ఏం చేయాలి?

"మాకెందుకమ్మా, మెకానిక్కు చూసుకుంటాడు కదా" అంటారేమో. బండి ఎవరిది? మీది. డబ్బు ఎవరిది? మీది. పానా పట్టేది అతనే. కానీ "ఆపు" అని చెప్పవలసింది మీరే.

రోలూ రోకలీ

ఓమ్ని ముందు సీటు ఎత్తితే ఇంజను కనిపిస్తుంది. అందులో మూడు సిలిండర్లు ఉంటాయి. సిలిండరు అంటే గుండ్రటి గొట్టం. రోలు లాంటిది అనుకోండి. అందులో పైకీ కిందికీ ఆడేది పిస్టను. అది రోకలి. పైన మూత లాగా ఉండేది హెడ్డు. ఆ హెడ్డులో చిన్న తలుపులు ఉంటాయి. వాటిని వాల్వులు అంటారు. ఒక తలుపు గుండా పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది. ఇంకో తలుపు గుండా పొగ బయటికి పోతుంది. నిప్పురవ్వ ఇచ్చేది ప్లగ్గు. మూడు సిలిండర్లకు మూడు ప్లగ్గులు.

బండి రోడ్డు మీద పోతున్నప్పుడు ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకోండి. అంటే పిస్టను ఒక్క సెకనులో 50 సార్లు పైకి, 50 సార్లు కిందికి పోతుంది. పైకి వచ్చినప్పుడు పిస్టనుకూ హెడ్డుకూ మధ్య జాగా చాలా తక్కువ. అక్కడ గట్టి ముక్క ఉంటే ఏమవుతుంది? పిస్టనుకు గుంట పడుతుంది. వాల్వు వంగుతుంది. సిలిండరు గోడ గీసుకుపోతుంది. గోడ గీసుకుపోతే బోరు చేయించాలి. ఆ ఖర్చు ఎంతో బండి ఉన్నవాళ్లకు తెలుసు.

ముక్క ఎలా పడుతుంది?

ప్లగ్గుకు తెల్లటి పింగాణీ ఉంటుంది. పానా వంకరగా పెట్టి తిప్పితే ఆ పింగాణీ పగులుతుంది. ప్లగ్గు బయటికి తీసేటప్పుడు ఆ ముక్క లోపలికి జారిపోవచ్చు. కార్బొరేటరు విప్పినప్పుడు చిన్న స్క్రూ గానీ, వాషరు గానీ గాలి దారిలో పడవచ్చు. పైమూత తీసినప్పుడు నట్టు ఆయిలు ఉండే వైపు పోవచ్చు.

పింగాణీయే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ప్లగ్గు పింగాణీ చాలా గట్టిది. ఇనుమును కూడా గీస్తుంది.

మొదటి మాట: తిప్పవద్దు

మిక్సీలో చెంచా పడితే ఏం చేస్తాం? వెంటనే స్విచ్చి ఆపుతాం. "ఒకసారి తిప్పి చూద్దాం, అదే బయటికి వస్తుంది" అనం. ఇంజనుకూ అదే.

కొందరు అంటారు, "ఏం కాదమ్మా, పొగ గొట్టంలోంచి పోతుంది" అని. ఒక్కోసారి చిన్న ముక్క పోవచ్చు. కానీ పోతూ పోతూ ఏం పాడు చేస్తుందో ఎవరూ చెప్పలేరు. సెల్ఫ్ కొట్టినా చాలు, పిస్టను సెకనుకు రెండు మూడు సార్లు పైకి వస్తుంది. గేరులో పెట్టి బండిని నెట్టినా పిస్టను కదులుతుంది. కాబట్టి తాళం చెవి తీసి మీ దగ్గర పెట్టుకోండి. బ్యాటరీ వైరు విప్పించండి. గేరు న్యూట్రల్లో ఉంచండి. ప్లగ్గు రంధ్రానికి శుభ్రమైన గుడ్డ కప్పండి. ఇంకేదీ లోపల పడకూడదు.

రెండో మాట: ముక్కలు కలిపి చూడండి

గాజు పగిలితే ముక్కలన్నీ ఏరి కలిపి చూస్తాం. ఒకటి తగ్గితే చాప కింద వెతుకుతాం. ఇక్కడా అంతే. విరిగిన సామాను తెల్ల గుడ్డ మీద పెట్టించండి. ముక్కలు పక్కపక్కన చేర్చండి. కొత్త సామాను పక్కన పెట్టి పోల్చండి. ఎంత ముక్క తగ్గిందో తెలుస్తుంది. ఒక్కోసారి ముక్క ఇంజనులో పడనే పడదు. బండి కింద నేల మీదే దొరుకుతుంది. ముందు అక్కడ వెతకాలి.

మూడో మాట: తీసే దారి

పడింది ఉక్కు ముక్క అయితే కడ్డీ చివర అయస్కాంతం పెట్టి తీయవచ్చు. పింగాణీ, ఇత్తడి, అల్యూమినియం అయస్కాంతానికి అంటవు. వాటికి కడ్డీ చివర గట్టి గ్రీజు రాసి అంటించి తీస్తారు. సన్నటి గొట్టంతో గాలి లాగి కూడా తీస్తారు. ఇప్పుడు సెల్ ఫోనుకు తగిలించే సన్నటి కెమెరాలు వచ్చాయి. ప్లగ్గు రంధ్రంలోంచి దించితే లోపల ఏముందో ఫోనులో కనిపిస్తుంది. "నాకూ చూపించు" అని అడగండి.

గాలి కొట్టి ముక్కను బయటికి తోస్తామంటే ఒప్పుకోకండి. అది కంట్లో పడవచ్చు. తెరిచి ఉన్న వాల్వు దారిలోకి పోవచ్చు.

ఎలా తీసినా రాకపోతే హెడ్డు దింపవలసిందే. అది పెద్ద పని. కొన్ని రోజులు బండి ఆగుతుంది. అయినా బోరు చేయించడం కంటే నయం. హెడ్డు దింపినప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయాలి. పాతదే మళ్లీ వేయనివ్వకండి.

ముక్క ఆయిలు వైపు పడితే ఆయిలు దించి, పలుచటి గుడ్డలో వడగట్టాలి. దొరకకపోతే కింద ఉన్న ఆయిలు చాంబరు విప్పి వెతకాలి. ఆ తరువాత ఆయిలు, ఫిల్టరు కొత్తవి వేయించాలి.

కుర్రవాడిని కొట్టవద్దు

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ముక్క పడడం వల్ల జరిగే నష్టం కొంతే. పడిన సంగతి దాచడం వల్ల జరిగే నష్టం ఎక్కువ.

షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడి చేతిలోంచి నట్టు జారిందనుకోండి. వాడు చెబితే మేస్త్రీ కొడతాడు. బండివాళ్లు తిడతారు. జీతం కోస్తారు. అందుకని వాడు నోరు మూసుకుంటాడు. సాయంత్రం బండి స్టార్టు చేస్తారు. టకటకమని చప్పుడు వస్తుంది. అప్పటికే అంతా అయిపోతుంది. తిట్టు మిగిలింది గానీ, ఇంజను మిగలలేదు!

అందుకే పని మొదలు కాకముందే అందరి ముందూ చెప్పండి. "నాయనా, ఏదైనా పడితే వెంటనే చెప్పు. నిన్ను ఏమీ అనం. దాస్తే మాత్రం ఊరుకోం." ఆ ఒక్క మాట మీ ఇంజనును కాపాడుతుంది. నిజం చెప్పినవాడిని మెచ్చుకోండి కూడా.

మీ చేతిలో ఉన్న పనిముట్టు

ఇప్పుడు మీకు చదవడం, రాయడం వచ్చింది. బండి షెడ్డుకు పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. తారీఖు వేయండి. ఏ సామాను విప్పారో రాయండి. ఎన్ని బోల్టులు తీశారో లెక్క రాయండి. పది తీస్తే పది బిగించాలి. తొమ్మిదే ఉంటే, పదోది ఎక్కడ? అది దొరికేదాకా తాళం చెవి ఇవ్వకండి. మార్చిన పాత సామాను చూపించమని అడగండి. బిల్లులో రాసింది, మీరు చూసింది ఒకటేనా? సరిచూసి డబ్బు ఇవ్వండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. ఇంజను చల్లారాకే ప్లగ్గులు విప్పించండి. విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్ము తుడిపించండి. కొత్త ప్లగ్గు ముందు చేత్తో తిప్పాలి, తరువాత పానాతో బిగించాలి. కింద పడిన ప్లగ్గు వాడవద్దు. కంటికి కనపడని పగులు ఉండవచ్చు.

మీరు అందరూ మెకానిక్కులు కానక్కరలేదు. కానీ మీ బండి దగ్గర మీ మాట చెల్లాలి. ఆ మాట చెప్పడానికి కావలసినంత ఇవాళ తెలుసుకున్నాం. సెలవు.

కలిసి మాట్లాడుకోండి

1. ఇంజనులో ముక్క పడిందని తెలిస్తే మొదట ఏం చేయాలి?
2. అయస్కాంతానికి అంటని ముక్కలు ఏవి?
3. తప్పు చెప్పినవాడిని కొడితే ఎవరికి నష్టం? మీ ఇంట్లో, మీ పనిలో ఇలాంటిది చూశారా?
4. మీ సంఘం బండికి గానీ, మోటారుకు గానీ ఒక లెక్కల పుస్తకం తెరవండి. మొదటి పేజీ ఇవాళే రాయండి.