పాత ఆయిలింజను: బాగుచేయించుటయా, మార్చుటయా?

(కర్షకుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



వేసవిలో పైరు నీటికై ఎదురుచూచుచుండగా బావిమీది ఇంజను మొరాయించినచో రైతునకు ఆలోచించుటకు వ్యవధి చిక్కదు. మేస్త్రీ మరమ్మతు చేయింపుమనును. వర్తకుడు పాతదానిని పారవేసి క్రొత్తది కొనుమనును. ఇరువురి సలహాలోను వారివారి లాభము కొంత కలిసియుండును. ఆ తొందరలో చేసిన అప్పు పెక్కు పంటల ఫలమును హరింపగలదు. కావున పంట ఇంటికి వచ్చి ఇంజనునకు విశ్రాంతి దొరకిన దినములలోనే దానిని పరీక్షించి, నిర్ణయము చేసికొనుట యుక్తము.

ఇంజనులో రెండువిధములైన భాగములు కలవు. రింగులు, లైనరు, బేరింగులు, వాల్వులు, నాజిలు అరుగుటకును మార్చుటకును ఏర్పడినవి. ఇవి అరిగినంతమాత్రమున ఇంజను చచ్చినదని తలపరాదు. నాగటికఱ్ఱు అరిగినదని నాగలిని పొయ్యిలో పెట్టువాడు లేడు గదా! ఇంజను ఒడలు పగిలినను, క్రాంకుషాఫ్టు బీటవారినను, విడిభాగములు దొరకకున్నను మాత్రము మరమ్మతుపై ధనము వెచ్చించుట వ్యర్థము.

పొగను చూచి రోగమును కొంతవరకు గుర్తింపవచ్చును. నీలిపొగ వచ్చినచో కందెన నూనె సిలిండరులో కాలుచున్నదని అర్థము. నల్లపొగ నాజిలు చెడుటవలనను, గాలి చాలకపోవుటవలనను, భారము మించుటవలనను కలుగును. దీనికి తరచుగా స్వల్పవ్యయముతోనే చికిత్స జరుగును. బలము తగ్గి, చేతితో త్రిప్పునపుడు ఎదురొత్తిడి లేనిచో, సిలిండరులో ఒక చెంచాడు నూనె మాత్రము పోయించి మరల త్రిప్పి చూడవలయును. ఒత్తిడి పెరిగినచో రింగులో లైనరో అరిగినవి. పెరగనిచో లోపము వాల్వులయందు వెదకవలయును. నూనె అధికముగా పోసినచో పిస్టనుపై నిలిచి కనెక్టింగు రాడ్డు వంగు ప్రమాదము కలదు.

ఇంజను విప్పినపిదప రైతు దగ్గర నిలిచి ఈ పరీక్ష చేయింపవలయును. క్రొత్త రింగును సిలిండరు అడుగున, అరుగుదల లేనిచోట సమముగా నిలిపి, దాని కొనల నడుమ సందును రేకుల గేజితో కొలువవలయును. పిమ్మట అదే రింగును పైభాగమున, అరుగుదల అధికమైనచోట నిలిపి కొలువవలయును. రెండు కొలతల భేదమును 3.14 చేత భాగింపగా వ్యాసములో కలిగిన అరుగుదల తెలియును. అడుగున అంగుళములో వేయింట 15 వంతులును, పైన 46 వంతులును వచ్చినవనుకొన్నచో, భేదము 31. అరుగుదల ఇంచుమించు వేయింట 10 వంతులు. దీనిని తయారీదారు పుస్తకములోని హద్దుతో పోల్చవలయును. పైన గోటికి తగులునట్టి గట్టు ఏర్పడినచో, రింగులు మాత్రము మార్చుట చాలదు. క్రొత్త రింగు ఆ గట్టునకు కొట్టుకొని విరుగును. అట్టియెడ లైనరు మార్పింపవలయును; లేదా బోరు చేయించి పెద్ద పిస్టను వేయింపవలయును.

ఇక ధనము సంగతి. వర్తకుడు అరిగిన ఇంజనును క్రొత్తదానితో పోల్చి చూపును. రైతు పోల్చవలసినది అది కాదు; బాగుచేసిన ఇంజనును క్రొత్తదానితో పోల్చవలయును. ఉదాహరణమునకు మరమ్మతునకు 12,000 రూపాయలై, అది 3 సంవత్సరములు నడచుననుకొందము. పాతదాని వెల పోగా క్రొత్తదానికి 40,000 రూపాయలు చెల్లింపవలసి, అది 10 సంవత్సరములు నడచుననుకొందము. రెంటికిని ఏటికి 4,000 రూపాయలే పడుచున్నవి. కాని నూటికి 12 వంతున అప్పు తెచ్చినచో, మొదటి యేటి వడ్డీ మరమ్మతునకు 1,440 రూపాయలు, క్రొత్తదానికి 4,800 రూపాయలు. అనగా 3,360 రూపాయలు అధికము.

డీజిలు ఆదాయగునందురా? ఏటికి 600 గంటలు నడుచునెడ, అరిగిన ఇంజను గంటకు పావులీటరు అధికముగా త్రాగినచో నష్టము 150 లీటర్లు. అయితే అందు పెక్కువంతు మరమ్మతుతోనే నిలిచిపోవచ్చును. బాగుచేసినదానికిని క్రొత్తదానికిని భేదము గంటకు లీటరులో ఇరువదవ వంతైనచో, క్రొత్తదానివలన మిగులునది 30 లీటర్లే. లీటరు 100 రూపాయలైనను అది 3,000. వడ్డీ భేదమునకు చాలదు. ఈ అంకెలు లెక్క విధానము చూపుటకు మాత్రమే. ప్రతి రైతును తన ఊరి ధరలను వేసికొని చూడవలయును. మరమ్మతు ఏటేట చేయింపవలసివచ్చినచో ఫలితము తారుమారగును.

బావివద్దకు విద్యుత్తు వచ్చినచోట మరొక ప్రశ్న కలదు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభింపబడెను. ఇట్టి వసతి గల రైతు క్రొత్త ఇంజను కొనుటకు ముందు, మోటారు చాలునేమో విచారింపవలయును. తీగ చేరని దూరపు చేలకు పాత ఇంజనునే బాగుచేయించి ఉంచుకొనవచ్చును.

ఏది నిర్ణయించినను గాలిజల్లెడను మరువరాదు. చేలలోని దుమ్ము లోపల ప్రవేశించినచో నూనెతో కలసి ఆకురాయివలె లైనరును కోయును. జల్లెడను శుభ్రముగా నుంచి, కందెన నూనెను కాలమునకు మార్చువాని ఇంజను చిరకాలము నడచును. ఈ పని చేయనివానికి క్రొత్త ఇంజనును త్వరలోనే పాతదగును.