ఫోటోలో చేరనిది

భూమ్యాకాశాలను సృజించి, వాటిని చూచేందుకు కన్నులను, గ్రహించేందుకు హృదయాలను మనకు ప్రసాదించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!



కొద్ది వారాల క్రితం అసర్ నమాజు ముగిసిన తరువాత మన నస్పూర్‌కు చెందిన ఒక విద్యార్థి మా వద్దకు వచ్చి కూర్చున్నాడు. తన ఫోనులో తాను తీసిన ఒక ఫోటో చూపించాడు. గోదావరిపై పొగమంచు కమ్ముకొని ఉంది. దాని వెనుక నుండి సూర్యుడు ఎర్రగా ఉదయిస్తున్నాడు. నీటి మధ్యనున్న ఒక బండపై తెల్లని కొంగ ఒంటరిగా నిలబడి ఉంది. చూడగానే మా నోట "సుబ్‌హానల్లాహ్" అనే మాట వెలువడింది.

"బేటా, ఇది ఏ వేళ తీశావు?" అని అడిగాము.

"చీకటితోనే వెళ్లి కూర్చున్నాను, హజ్రత్" అన్నాడు. ఆ మాట అన్న వెంటనే తలదించుకున్నాడు. ఆనాటి ఫజ్ర్ నమాజుకు అతడు మసీదుకు రాలేదని మేము ఎరుగుదుము. అతడూ ఎరుగును. మేము దానిని గురించి ఏమీ అనలేదు.

"బాగుంది. మరి ఈ కుడి వైపున ఏముంది? ఒడ్డు హఠాత్తుగా ఆగిపోయినట్లుంది" అన్నాము. అతడు కొంత తటపటాయించి, కత్తిరించక ముందున్న అసలు ఫోటోను చూపించాడు. ఒడ్డు పొడవునా వాడి పడవేసిన పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు, నలిగిన ఒక ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్. "అది ఉంటే ఫోటో బాగుండదని తీసేశాను" అన్నాడు.

సోదరులారా! ఆ దస్తర్‌ఖాన్‌ను మేము గుర్తుపట్టాము. అంతకు మూడు రోజుల ముందు జరిగిన ఒక వలీమా విందులో దానిపై కూర్చొని మేమూ భుజించాము. ఆ విందులో దుఆ చేసినవారము కూడా మేమే. తిన్న తరువాత ఆ పళ్లేలు ఎటు పోతాయని మేము ఒక్క మాటైనా అడగలేదు. ఆ కుర్రవాడు తన వేలితో ఫోటో అంచును జరిపి వాటిని తొలగించాడు. మేము చేతులు కడుక్కొని, వెనుదిరిగి చూడకుండా వచ్చి వాటిని తొలగించాము. మా ఇరువురి పనికి భేదమేమిటి?

ఆ రాత్రి మేము ఈ ఆలోచనతోనే గడిపాము. నేటి ప్రసంగం దాని నుండే పుట్టింది. మనం ఫోటోలో చేరనివ్వనిది అల్లాహ్ దృష్టి నుండి తొలగిపోదు. ఈ ఒక్క మాటను మీ హృదయాలలో నాటడమే మా ఉద్దేశం.

ప్రియ సోదరులారా! సృష్టిని చూడడం మన ధర్మంలో కాలక్షేపం కాదు, అది ఆరాధనలో భాగం. దివ్య ఖుర్ఆన్ 88వ సూరాలో అల్లాహ్ ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, నేలను చూపి, అవి ఎలా రూపొందాయో చూడరా అని మానవుణ్ణి ప్రశ్నిస్తున్నాడు. 3వ సూరా 190, 191 ఆయతులలో భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ల మార్పులో బుద్ధిమంతులకు సూచనలున్నాయని తెలిపాడు. నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా అల్లాహ్‌ను స్మరించేవారే ఆ బుద్ధిమంతులని వివరించాడు. ఈ ఆయతులు అవతరించిన రాత్రి దైవప్రవక్త (స) కన్నీటితో నమాజులో గడిపారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఫజ్ర్ వేళ తెలియజేయడానికి వచ్చిన హజ్రత్ బిలాల్ (రజి) ఆ కన్నీటిని చూచి ఆశ్చర్యపోయారు. వీటిని చదివి కూడా యోచించనివాని గతి ఎంత శోచనీయమో ప్రవక్త (స) ఆయనకు తెలియజేశారు. గమనించండి! సృష్టిని గురించిన ఆ యోచన ఫజ్ర్ వరకు తీసుకువెళ్లింది గాని, ఫజ్ర్ నుండి దూరం చేయలేదు.

కెమెరా అనే పరికరం వెనుక కూడా ఒక ముస్లిం విద్వాంసుని యోచన ఉంది. సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం బస్రాలో జన్మించి, ఈజిప్టులో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్, చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా ప్రవేశించే కాంతిని పరిశీలించారు. గ్రహణ సమయంలో సూర్యుని నెలవంక ఆకారం ఆ రంధ్రం గుండా ఎలా పడుతుందో వివరించారు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని అంతకు పూర్వం అనేకులు తలచేవారు. వస్తువు నుండి వచ్చే కాంతియే కంటిలో ప్రవేశిస్తుందని ఆయన తన 'కితాబుల్ మనాజిర్' గ్రంథంలో నిరూపించారు. లాటిన్ భాషలో 'కెమెరా' అంటే గది. మన ఉర్దూలోని 'కమ్రా' కూడా పోర్చుగీసువారి నోట ఆ మూలం నుండే వచ్చింది. చూపు మన సంపాదన కాదు, బయటి నుండి మనకు లభించే కానుక అని ఈ శాస్త్రం కూడా మనకు బోధిస్తున్నది. కానుక పొందినవాడు ఇచ్చినవానిని మరచి, తన నైపుణ్యాన్ని చూచి మురిసిపోవడం తగునా?

ఇక్కడ కొందరికి ఒక సందేహం కలుగవచ్చు. ఫోటో తీయడం ధర్మసమ్మతమేనా? ప్రాణుల చిత్రాల విషయంలో హదీసులలో తీవ్రమైన హెచ్చరికలున్నాయి. కెమెరా ఫోటోకు అవి వర్తిస్తాయా లేదా అన్న విషయమై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరు ఏ ఉలమాలను అనుసరిస్తారో వారు ఆ మార్గాన్ని గౌరవించాలి. అయితే చెట్లు, కొండలు, నదులు, మేఘాల విషయంలో సౌలభ్యం ఉంది. చిత్రాలు గీయడమే తన జీవనోపాధి అని చెప్పుకున్న ఒక వ్యక్తికి హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకొమ్మని సలహా ఇచ్చారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. కనుక జాగ్రత్త కోరుకునేవారికి కూడా మన గోదావరి, మన గుట్టలు, మన టేకు వనాలు చాలినంత ఉన్నాయి.

సోదరులారా! మన మంచిర్యాల జిల్లాలోని జన్నారం వైపు కవ్వాల్ అభయారణ్యం ఉంది. 2012లో దానిని పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అక్కడ అటవీ సిబ్బంది చెట్లకు ట్రాప్ కెమెరాలు అమరుస్తారు. ఎదుట ఏదైనా కదలగానే, దాని శరీరపు వేడిమిని పసిగట్టి ఆ కెమెరా తనంతట తాను ఫోటో తీస్తుంది. ఒక పులి చారలు మరొక పులికి ఉండవు. ఆ చారలను బట్టి ఏది ఏ పులియో గుర్తిస్తారు. అయితే ఆ కెమెరా పులిని మాత్రమే ఎంచుకోదు. గొడ్డలి పట్టుకొని వచ్చినవాడూ, ఉచ్చు బిగించడానికి వచ్చినవాడూ అందులో పడతారు. అడవిలో తనను ఎవరూ చూడడం లేదని తలచేవాని ముఖం అందులో స్పష్టంగా నిలిచిపోతుంది.

మన చేతిలోని కెమెరా మనకు నచ్చినదానిని మాత్రమే తీస్తుంది. చెట్టుకు కట్టిన కెమెరా ఎదుటికి వచ్చిన ప్రతిదానినీ తీస్తుంది. మరి మన భుజాలకు ఇరువైపులా ఉన్న కిరామన్ కాతిబీన్ సంగతేమిటి? గౌరవనీయులైన ఆ లేఖకులు మనం చేసేదంతా ఎరుగుదురని 82వ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. ప్రళయదినాన కర్మల గ్రంథం ముందుంచబడినప్పుడు, చిన్నదిగాని పెద్దదిగాని దీని నుండి ఏదీ తప్పిపోలేదే అని అపరాధులు భీతిల్లుతారని 18వ సూరా 49వ ఆయతు హెచ్చరిస్తున్నది. ఆ గ్రంథపు అంచును జరపగల వేలు ఎవరికుంది?

మన సోదరులలో అనేకులు శ్రీరాంపూర్ గనులలో పనిచేసేవారు. భూగర్భంలో తలపై ధరించిన దీపం ఎటు తిరిగితే అటు మాత్రమే వెలుగు పడుతుందని మాకన్నా మీకే బాగా తెలుసు. వెలుగు పడని చోట ప్రమాదం లేదని అనుభవజ్ఞుడైన కార్మికుడు ఏనాడూ భావించడు. పైకప్పును కడ్డీతో తట్టి, ఆ శబ్దాన్ని విని, గట్టిదో డొల్లదో తెలుసుకున్న తరువాతే దాని క్రింద నిలబడతాడు. ముహాసబా, అనగా ఆత్మపరిశీలన, ఇటువంటిదే. మన జీవితంలో మనమే వెలుగు పడనివ్వని మూలలను తట్టి చూడడమే ముహాసబా. మీ లెక్క తీసుకోబడక ముందే మీ లెక్క మీరే చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) ఉపదేశించారు. రేపటి కోసం ఏమి పంపుకున్నాడో ప్రతి ప్రాణీ చూచుకోవాలని 59వ సూరా 18వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు.

మన చేతుల దోషం ఎంత దూరం వెళ్తుందో తెలియడానికి మరొక ఉదాహరణ. మనకు ఉత్తరాన బెజ్జూర్ అడవిలో పాలరాపు గుట్ట ఉంది. దాని నిట్టనిలువు కొండచరియపై పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నట్లు 2013లో గుర్తించారు. రాబందును అందమైన పక్షి అని ఎవరూ అనరు. అయినా ఒక్క ఫోటో కోసం ప్రకృతి ప్రేమికులు అక్కడ గంటల తరబడి వేచి ఉండేవారు. ఎందుకంటే మన దేశంలో రాబందులు దాదాపు అంతరించే స్థితికి చేరాయి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అనే మందు అందుకు ప్రధాన కారణమని తేలింది. ఆ మందు శరీరంలో మిగిలి ఉన్న కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై అవి మరణించాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. రాబందును చంపాలని ఏ రైతూ కోరుకోలేదు. తన పశువు నొప్పి తగ్గాలని మాత్రమే కోరుకున్నాడు. కోరని కీడు కూడా కీడే. భూమిపైనా, నీటిలోనూ వ్యాపించిన చెడుగు మానవుల చేతుల సంపాదనేనని, వారు మరలి రావడానికే దాని రుచి వారికి చూపబడుతుందని 30వ సూరా 41వ ఆయతు తెలుపుతున్నది. మరలి రావడమే తౌబా.

కనుక యువకులారా! ఫోటోలు తీయవద్దని మేము చెప్పడం లేదు. తీయండి. అయితే ముందుగా ఫజ్ర్ నమాజు చేసి వెళ్లండి. ప్రయాణం ఇబాదత్‌తో ప్రారంభమైతే సూర్యోదయం దానికి ప్రతిఫలంగా లభిస్తుంది. మీ సంకల్పాన్ని సరిచూసుకోండి. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయని మన ప్రవక్త (స) బోధించారు. పదిమంది మెప్పు కోసమే తీసిన ఫోటో పదిమంది మెప్పుతోనే ముగిసిపోతుంది. గూటి దగ్గరకు పోయి పక్షులను బెదిరించకండి. ఒక ప్రయాణంలో సహచరులు పక్షి పిల్లలను పట్టుకోగా, తల్లి పక్షి అల్లాడిపోవడం చూచి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ప్రవక్త (స) ఆదేశించిన సంగతి అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఫోటో కోసం లోతు తెలియని నీటిలోకి దిగకండి. ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానతు.

వారానికి ఒక్క ఫోటో ఎంచుకోండి. ఇషా తరువాత దానిని ఎదుట పెట్టుకొని మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనిని సృష్టించినవానిని నేను ఈ రోజు ఎంతగా స్మరించాను? ఈ ఫోటో నుండి నేను దేనిని తొలగించాను, ఎందుకు తొలగించాను? నా ఇంటి నుండి, నా వ్యాపారం నుండి, నా మాటల నుండి కూడా ఇలాగే దేనిని పక్కకు నెట్టి దాచుతున్నాను? సమాధానం ఒక వాక్యంలో వ్రాసిపెట్టుకోండి. అది ఎవరికీ చూపనక్కరలేదు. తరువాతి వారం ఆ వాక్యాన్ని చదివి, ఏమైనా మారిందా అని చూచుకోండి. ఫోను లేని పెద్దలు ఇంటి ముందరి వేపచెట్టును చూచి ఈ ప్రశ్నలే వేసుకోవచ్చు. చూచే కన్ను ఉంటే చాలు.

చివరగా మా లెక్క చెబుతాము. ఆ విద్యార్థి మా వద్దకు వచ్చిన మరునాడు ఫజ్ర్ నమాజులో మొదటి వరుసలో నిలబడ్డాడు. నమాజు తరువాత మేమిద్దరం రెండు గోనె సంచులు తీసుకొని గోదావరి ఒడ్డుకు వెళ్లాము. సంచులు నిండాయి గాని ఒడ్డు శుభ్రం కాలేదు. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని ప్రవక్త (స) బోధించారు. వచ్చే ఆదివారం ఫజ్ర్ తరువాత మేము మళ్లీ వెళ్తున్నాము. మీలో ఎవరెవరు వస్తారో చేతులెత్తమని మేము అడగము. మీకూ అల్లాహ్‌కూ మధ్య నిర్ణయించుకొని రండి. ఇకపై మా చేత నికాహ్ చదివించుకునే ప్రతి కుటుంబాన్నీ వలీమా పళ్లేలు ఎటు పోతాయో ముందుగానే అడుగుతాము. దయచేసి ఎవరూ నొచ్చుకోవద్దు. ఇది మొదట మాకు మేము విధించుకున్న నియమం.

యా అల్లాహ్! నీ సృష్టిని చూచే మా కన్నులకు వినమ్రతను ప్రసాదించు. మేము దాచుకున్న మా లోపాలను, మరణానికి ముందే, మాకు మేముగా చూచుకొని సరిదిద్దుకునే భాగ్యాన్ని అనుగ్రహించు. మా యువకుల ఉదయాలను ఫజ్ర్‌తో ప్రకాశింపజేయి. గనులలో దిగే మా సోదరులను క్షేమంగా ఇంటికి చేర్చు. మా నదిని, మా అడవిని, వాటిపై ఆధారపడిన ప్రతి ప్రాణినీ మా చేతుల కీడు నుండి కాపాడు. ఆమీన్.