బొంత కుట్టెడి ఇల్లాలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు బొంతను గూర్చి ప్రసంగమేమి యని కొందఱు వింతపడవచ్చును. గ్రంథమనగా కట్టబడినది, కూర్పబడినది యని మూలార్థము. తాటాకులకు రంధ్రము చేసి, త్రాటిపై గ్రుచ్చి, పలకల నడుమ బిగించి కట్టెడివారు గనుక ఆ పేరు దానికి తగియున్నది. సూత్రమను మాటకును దారమనియే మొదటి యర్థము. పాణిని సూత్రములు, బ్రహ్మసూత్రములు ఆ దారమును పట్టుకొని వచ్చినవే. కావున సూదిదారములు చేతబూని ప్రాతగుడ్డలను కూర్చు స్త్రీ యీ మందిరమునకు పరాయిది కాదు.

సంస్కృతమున బొంతను కంథ యందురు. శంకరుల పేర ప్రసిద్ధమైన భజగోవింద స్తోత్రమున వీధిలోని పేలికలతో కుట్టిన కంథను ధరించిన యోగి కానవచ్చును. వంగదేశపు స్త్రీలు నేటికిని తమ బొంతలను కాంథా యనియే పిలుతురు. మన ప్రాంతమునకు చేరువైన కథ యింకొకటి కలదు. వినయపిటకమందలి మహావగ్గమున, బుద్ధుడు మగధలోని వరిమళ్లను, వాని గట్లను ఆనందునకు చూపి, భిక్షువుల చీవరమును అట్లు కూర్పగలవా యని యడిగెనట. ఆనందుడు గుడ్డను ముక్కలుగా కోసి, మడిగట్లవలె కుట్లు వచ్చునట్లు అతికి చూపెనట. వంశధార యొడ్డున శాలిహుండము కొండమీదను, విజయనగరమునకు చేరువ రామతీర్థమున గురుభక్తులకొండమీదను ఒకప్పుడు బౌద్ధవిహారములు వెలసియుండెను. శాలిహుండము మెట్టపై నిలిచి క్రింది పొలములను చూచినవారికి ఆనందుని కుట్టును వేరుగా వివరింప నక్కఱలేదు.

యోగి బొంతకు, భిక్షువు బొంతకు గ్రంథములలో చోటు దొరకినది. ఇల్లాలి బొంతకు దొరకలేదు.

వంశధారకును నాగావళికిని నడుమ నొక పల్లెలో, ఏబదియేండ్లు పైబడిన యొక యిల్లాలిని తలంచుకొందము. పేరు అక్కఱలేదు. అట్టి యామె ఒకప్పుడు వీధికొకతె యుండెడిది. నేడు ఊరికొకతె యున్నను అదృష్టమే. ఆమె యింటికి ముందొక వీధరుగు, నడుమ నొక గది, వెనుక వంటయిల్లు. నడిమి గదిలో ఒక మూల ధాన్యపు బస్తాలు, ఒక మూల చింతపండు కుండ, ఉల్లిపాయల బుట్ట, గోడకు నిలబెట్టిన మడతమంచము, చిలుకకొయ్యకు మనుమని పుస్తకాల సంచి. పెద్దమంచము క్రింద మూటలు. అటకమీద మూటలు. తలుపు వెనుక మఱియొక మూట. అన్నియు ప్రాతగుడ్డలే. భర్త వానిని కాలితో ప్రక్కకు త్రోసి, "ఈ పీలికలకి యేరే ఇల్లు కట్టాలేటి?" అని విసుగుకొనును. ఆమె బదులు పలుకదు. ఏ మూటలో ఎవరి చీర యున్నదో, ఏ చీర ఎచ్చట చిరిగినదో ఆమె కన్నులు మూసికొని చెప్పగలదు. ఇంట నితరులకు అది చెత్త. ఆమెకు అది దస్త్రము.

ఆమె చేతిలో ఒక్క బొంతయే యుండుట అరుదు. ఈ కార్తికమున మూడున్నవి. మొదటిది కన్నకూతురి కానుపునకు. కూతురు ఏడవ నెలలో పుట్టింటికి వచ్చినది, పుష్యమాసమున పురుడు. పసిబిడ్డకు కొత్తగుడ్డ గరుకు. ఎన్నో ఉతుకులు తిన్న మెత్తని చీరయే కావలెను. రెండవది విశాఖపట్టణమున ఉద్యోగము చేయు ఒక యింటివారు, సెల్‌ఫోనులో ఆమె కుట్టిన బొంత బొమ్మను చూచి, సంక్రాంతికి కావలెనని బయానా యిచ్చి చెప్పినది. మూడవది ప్రక్కయింటి పడుచు తెచ్చినది. ఆ పడుచు తల్లి పోయి యేడాది కావచ్చినది. పోయినవారి బట్టలను చాకలివారికి ఇచ్చివేయుట పెక్కిండ్ల యాచారము. ఈ పడుచు మాత్రము అయిదు చీరలు దాచి, "పిన్నీ, అమ్మ సంవత్సరీకంనాటికి ఒక బొంత కుట్టియ్యవా? నాను కప్పుకుంతాను" అని మూటను అరుగుమీద పెట్టి, కన్నీరు కనబడనీయక పోయినది.

ఇక ఆమె దినచర్య. తెల్లవారకముందే లేచి వాకిలి చిమ్మి ముగ్గు పెట్టవలెను. చోడి అంబలి కాచవలెను. మనుమని బడికి పంపవలెను. నిండు చూలాలైన కూతురికి వేళకు ఇంత పెట్టవలెను. అవి వరికోతల దినములు. కోతకు పోయిననాడు మధ్యాహ్నము దాటినగాని ఇల్లు చేరదు. ఆపైన బొంత.

బొంతకు కావలసిన మొదటి వస్తువు సూదియు కాదు, దారమును కాదు, నేల. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చదునైన నేల. ఆ నేలమీదనే భోజనములు, ఆ నేలమీదనే పిల్లవాని వ్రాతలు, రాత్రికి ఆ నేలమీదనే పడకలు. కనుక ఎంగిళ్లెత్తి, తుడిచి, ఆరిన పిదప బొంత పఱచుట, దీపాలవేళకు చుట్టుట. చుట్టినప్పుడెల్ల లోపలి పొరలు కదలును. మరునాడు పఱచి, నాలుగు మూలలను రోకలి, పొత్రము, పీట మున్నగు బరువులతో అదిమి, ముడుతలు సవరించుటకే ఒక గడియ పోవును. నడుమ కోడి వచ్చి త్రొక్కును. ఎవరో పిలుతురు. సూది కనబడదు. సూది కనబడని యింట పసిబిడ్డ ప్రాకుచున్నచో ఇక ఆనాటికి కుట్టు లేదు. అందఱును నేలమీద వెదకుటయే పని.

పొరలు పేర్చుట తెలిసినవారికే తెలియును. పైకి, క్రిందికి గట్టి చీరలు, నడుమకు నీరసించినవి. చిరుగు మీద చిరుగు రాకుండ చూడవలెను. ఒక పొర పొడవుగా పఱచిన, దానిపై పొర అడ్డముగా. కొత్తగుడ్డను ప్రాతదానితో కలుపరాదు. మొదటి ఉతుకునకే కొత్తది కుదియును, ప్రాతది కుదియదు, బొంత ఉండలు కట్టును. అంచులు లోనికి మడిచి, దూరదూరముగా టాకాలు వేసి, పిమ్మట అంచునుండి లోపలికి సన్నకుట్టు నడపవలెను. నడుమ పొరగా ప్రాత పొందూరు పంచె దొరకినచో ఆమె దానిని ముందు చెంపకు ఆనించి చూచును. వాలుగ చేప దవడపండ్లతో ప్రత్తిని ఏకి, చేత వడికి నేసిన ఆ ఖద్దరు, ఏండ్లు గడచినకొలది మెత్తబడునే గాని జారదు.

సాయంకాలము అరుగుమీద నలుగురు బాలికలు చేరుదురు. డ్వాక్రా సంఘములో ఎవరో, "పిల్లలకి నేర్పరాదా" అన్నందున ఆరంభమైన పాఠమది. జీతము లేదు, పలక లేదు. ఒక గుంట తొందరపడి పెద్దపెద్ద కుట్లు వేసినది. ఇల్లాలు చూచి, విప్పుమన్నది.

"ఇదేటి పిన్నీ, మళ్లీ ఇప్పమంతావా?"

"ఇప్పు. రేపు నీ బిడ్డ కాలేలు ఈ కుట్టులో ఇరుక్కుంటే రాత్రి ఎవలు లేస్తారే?"

కుట్టు సన్నగా నుండుట అందమునకని చూచువారు తలంతురు. అది పసివాని కాలివ్రేలి కొఱకు.

నలుగురిలో ఇద్దఱు పరీక్షల పేర మానుదురు. ఒకతె మిషను కుట్టు నేర్వబోవును. జాకెట్టు కుట్టిన ఆనాడే డబ్బు వచ్చును, బొంతకు నెల పట్టును. ఆ పిల్లది తప్పని చెప్పుట న్యాయము కాదు. ఆకలిగొన్న యింటికి నెల చాల దూరము.

ధర మాట వచ్చినది. పట్టణమువారు ఫోనులో, "ప్రాతగుడ్డలకు ఇంత ధరయా?" అనిరి. ఆమెకు బదులు తోచలేదు. లెక్కకు భయపడనివారు సభలో ఉందురు గనుక ఇచ్చట లెక్క వేయుదము. అర అంగుళమునకు ఒక వరుస చొప్పున నాలుగడుగుల వెడల్పునకు 96 వరుసలు. వరుస పొడవు 6 అడుగులు. మొత్తము 576 అడుగుల కుట్టు. అంగుళమునకు 3 కుట్ల చొప్పున వరుసకు 216. బొంతకు 20,736 కుట్లు. వరుసకు అరగంట పట్టినచో 48 గంటలు. పైని చెప్పిన యింట దినమునకు రెండు గంటలు దొరకుటయే గొప్ప. కావున 24 దినములు. పెద్దబొంతలు రెండు, పసిబొంత యొకటి, నడుమ కోతలు. కార్తికము మొదలు సంక్రాంతి వఱకు గల దినములలో ఈ పని పట్టునో పట్టదో ఎవరికి వారే చూచుకొనవచ్చును.

కరణముల వ్యవస్థ 1984లో రద్దయినది గాని, అడంగలు పోలేదు. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణము, ఏ పంట, ఏ నీరు అన్నియు గళ్లలో నిండును. ఈ 20,736 కుట్లకు ఏ దస్త్రమునను గడి లేదు. 2011 జనాభా లెక్కలలోను, ఇంటిపని మాత్రమే చేయు స్త్రీ పనిచేయని వారి పద్దులోనే చేరినది. వ్రాసినవారి దోషము కాదు. గడి గీచినవారు అట్లు గీచిరి.

బొంత యింటికి ఏల కావలెనో తుపాను వచ్చిననాడు తెలియును. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దిక్కున తీరము దాటినపుడు ఉద్దానమున కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలవ్రాలినవి. ఇండ్ల కప్పులు లేచిపోయినవి. తడిసిన బొంతను ఇద్దఱు పట్టి పిండవలెను. అది యెండుటకు దినముల తరబడి ఎండ కావలెను. అటక లోపలి మూల ఒక బొంత పొడిగా మిగిలిన యిల్లు ఆ రాత్రి భాగ్యవంతుల యిల్లు.

అమెరికాలో అలబామా నదీతీరమున జీస్ బెండ్ అను చిన్న పల్లె కలదు. ప్రత్తితోటలలో బానిసలుగా నుండినవారి సంతతి స్త్రీలు అచ్చట చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టుచు వచ్చిరి. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు సహకార సంఘమొకటి పెట్టుకొనిరి. 2002లో వారి బొంతలు హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాల గోడలకెక్కినవి, పిదప న్యూయార్కునకు పోయినవి. 2006లో ఆ దేశపు తపాలాబిళ్లలమీద ముద్రితమైనవి. చలికి గదిలో పఱచుకొనుటకై కుట్టినవానిని జనులు నిలుచుండి చూచిరి. మనవారి బొంతలను గోడకెక్కింపుడని యిచ్చట ప్రార్థన లేదు. ఈ గ్రంథాలయపు వెనుక వసారా మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వఱకు ఖాళీగా నుండును. అచ్చట ఆరడుగుల నేల కలదు, వెలుతురు కలదు, కోళ్లు లేవు. పఱచిన బొంతను మరునాటి వఱకు చుట్టకుండ ఉంచవచ్చును. పాలకవర్గమువారు ఆ తలుపు తాళపుచెవిని గూర్చి ఆలోచింపవలెను.

మరల ఆ యింటికి పోదము. ప్రక్కయింటి పడుచు తెచ్చిన అయిదు చీరలలో నాలుగు నూలువి, అయిదవది నైలెక్సు. తల్లి పండుగలకు కట్టినది అదియే. కూతురికి కన్నులలో నిలిచినదియు అదియే. నైలెక్సు చెమట పీల్చదు, పొరలో నిలువదు. అది వలదని చెప్పుటకు ఇల్లాలికి నోరు రాలేదు. రెండు దినములు ఆ చీరను మడత విప్పుట, మరల పెట్టుట. కత్తెర పడిన పిమ్మట చీర చీర కాదు. తుదకు దాని అంచును మాత్రము చీల్చి, బొంత నాలుగు వైపుల గోటుగా మడిచి కుట్టినది. మిగిలినదానిని మడిచి వేఱుగ ఉంచినది. ఒక నూలుచీర పమిటయందు పొయ్యి నిప్పు పడి కాలిన మచ్చ యుండెను. దానిమీద అతుకు వేయక, పైకి కనబడునట్లే ఉంచి చుట్టును సన్నకుట్టు వేసినది. సంవత్సరీకమునకు ముందునాటి సాయంకాలము ఆ పడుచు బొంతను విప్పి, ముందు ఆ మచ్చనే తడవినది. ఖరీదెంత యని అడుగలేదు, ఇల్లాలును చెప్పలేదు. మరునాడు ఒక తవ్వెడు మినుములు వచ్చినవి.

పట్టణమువారి బొంత సంక్రాంతికి నాలుగు దినములు ముందు బస్సులో పోయినది. వారు అడిగినంత తగ్గింపలేదు, వారును ఇచ్చిరి.

పసిబొంతకు మూడు వైపులే కుట్టైనవి. బిడ్డ పది దినములు ముందుగా పుట్టినది. నాలుగవ వైపు టాకాల మీదనే యున్న బొంతలో దానిని పండబెట్టిరి. ఇప్పుడు బిడ్డకు నీళ్లు పోయు వేళ, ఆ కాసేపును ఇల్లాలు బొంతను ఒడిలోనికి లాగికొని రెండు మూడు జానల కుట్టు నడపుచున్నది. నీళ్లు ముగిసి ఏడుపు దగ్గఱకు వచ్చుట వినగానే దారము త్రెంచి, సూదిని గోడమీది క్యాలెండరు అట్టకు గ్రుచ్చి లేచుచున్నది.